జేసీబీ కాదు, ముందు సర్వేయరు రావాలి

ప్రశ్న: మాది రాజాం దగ్గర చిన్న పల్లె. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. ఊళ్లో మాకు ఎకరా ఇరవై సెంట్ల పల్లం భూమి ఉంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అప్ప పెళ్లయి పాలకొండలో ఉంది. అమ్మ ఒక్కతే ఊళ్లో ఉండి కూలీలను పెట్టి సాగు చేయిస్తోంది. తూర్పు గట్టు అవతలి రైతు మాకు వరసకు పెదనాన్న. దున్నినప్పుడల్లా ట్రాక్టరుతో మా గట్టు కోసుకుంటూ వస్తున్నారు. ఆ గట్టు పొడవు సుమారు 300 అడుగులు. ఐదారు సెంట్లు అటు పోయిందని నా లెక్క. ఈమధ్య గట్టు వెంబడి నీలగిరి మొక్కలు కూడా వేశారు. కోతలయ్యాక వాళ్ల ట్రాక్టరు మా మడిలోంచే వెళ్తుంది, వాళ్ల గొర్రెలు మా పెసర చేలోనే మేస్తాయి. అమ్మ అడిగితే 'మీ ఆయన ఉన్నప్పట్నుంచీ గట్టు ఇక్కడే ఉంది' అన్నారట. పోలీసుల దగ్గరికి వెళ్తే సివిల్ గొడవ అని పంపేశారు. సంక్రాంతికి నలుగురు స్నేహితులను తీసుకొచ్చి, జేసీబీతో గట్టు పాత చోటికి వేసి, మొక్కలు పీకించేద్దామని అనుకుంటున్నాను. అమ్మ మాత్రం 'పోతే పోనీరా, రేపు నాకు జ్వరమొస్తే చూసేది వాళ్లే' అంటోంది. ఏం చేయమంటారు?

– పేరు వద్దు, రాజాం ప్రాంతం

సమాధానం:

జేసీబీ ఆలోచన ఇవాళే మానుకోండి. మీ కోపం తప్పని అనడం లేదు. నాన్న లేని ఇంట్లో అమ్మ ఒంటరిగా మాట పడుతుంటే ఊరికి దూరంగా ఉన్న కొడుకుకు రక్తం మరుగుతుంది. కానీ మీరు చేద్దామనుకుంటున్న పని వల్ల గట్టు మీ చేతికి రాదు, కేసు వస్తుంది.

మీరూ మీ నలుగురు స్నేహితులూ కలిస్తే ఐదుగురు. ఐదుగురు లేదా అంతకుమించి కలిసి బలప్రయోగంతో ఆస్తిని స్వాధీనం చేసుకోబోతే చట్టం దాన్ని చట్టవిరుద్ధ సమూహం అంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా ఇది అలాగే ఉంది. 'నాకు హక్కు ఉందనే కదా చేశాను' అంటే తప్పించుకోవడం కుదరదు. తనకు ఉందనుకున్న హక్కును బలంతో సాధించుకోబోవడం కూడా అందులోకే వస్తుంది. ఇంకో సంగతి ఉంది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, అతను ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో నేల అసలు ఎవరిదన్న ప్రశ్న అడ్డు రాదు. అంటే ఆ ఐదారు సెంట్లు నిజంగా మీవే అయినా, బలవంతంగా తీసుకుంటే కోర్టు మళ్లీ మీ పెదనాన్నకే అప్పగించవచ్చు. తర్వాత హక్కు కోసం మీరు వేరే దావా వేసుకోవాలి. ఇదే సెక్షన్ మీకూ కాపు కాస్తుందని గుర్తుంచుకోండి. రేపెప్పుడైనా ఆయన ఒక నేల చెక్కను కళ్లముందే కలిపేసుకుంటే ఆరు నెలలు దాటకుండా కదలాలి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 300 అడుగుల గట్టు ఒక్క అడుగు జరిగితే 300 చదరపు అడుగులు పోతుంది, అంటే ముప్పాతిక సెంటు కూడా కాదు. ఐదు సెంట్లు పోవాలంటే గట్టు ఆ పొడవునా ఏడడుగుల పైన జరగాలి. ఆరు సెంట్లు పోవాలంటే దాదాపు తొమ్మిది అడుగులు జరగాలి. నాన్నగారు పోయాక ఈ నాలుగేళ్లలో ఏటా అరడుగు చొప్పున కోసినా రెండడుగులే అవుతుంది, ఒకటిన్నర సెంటు కూడా నిండదు. మరి మిగతాది ఎక్కడికి పోయింది? నాన్నగారు ఉండగానే గట్టు జరుగుతూ ఉండవచ్చు. లేదా మీకు తరిగింది పడమర వైపో, కాలువ వైపో కావచ్చు. లేదా దస్తావేజులో ఎకరా ఇరవై అని రాసినా నేల మీద మొదటి నుంచీ అంత లేకపోవచ్చు. మన జిల్లాల్లో ఇది వింత కాదు. విస్తీర్ణం ఒకటి, హద్దులు మరొకటి చెబితే కోర్టులు మామూలుగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి, కాబట్టి సెంట్ల అంకె ఒక్కటే పట్టుకుని పోరాడలేరు.

అంటే మీ పెదనాన్న తప్పు చేయలేదని కాదు. గట్టు ఎంత జరిగిందో, అసలు జరిగిందో లేదో కొలవకుండా మీకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఆయన చెప్పేదీ జ్ఞాపకమే, మీరు చెప్పేదీ జ్ఞాపకమే. పూర్వం ఫలానా తాటిచెట్టు దగ్గర హద్దు, ఫలానా కొబ్బరిచెట్టు దగ్గర మలుపు అని చెప్పేవాళ్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాక ఎన్నో ఊళ్లలో ఆ చెట్లే లేకుండా పోయాయి. ట్రాక్టరు వచ్చాక హద్దురాళ్లు కూడా కర్రుకు తగిలి పక్కకు పోతున్నాయి. ఇన్ని మారాక రెండు కుటుంబాల జ్ఞాపకాల మీద అంగుళం నేల కూడా తేలదు.

అందుకే పని కాగితాలతో మొదలుపెట్టండి. భూమి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. అలా ఉంటే ముందు వారసత్వ మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కించడం) చేయించండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి గ్రామ సచివాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. అమ్మకు, మీకు, అప్పకు ముగ్గురికీ అందులో హక్కుంది. అప్పను పక్కన పెట్టి ఏ కాగితమూ చేయించకండి, రేపు అవతలివాళ్లకు అదే ఆయుధమవుతుంది. ఆ తర్వాత 1బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు, స్వాధీనం వివరాల రికార్డు), కొన్ననాటి లేదా పంచుకున్ననాటి దస్తావేజు, మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తెచ్చుకోండి. పక్క పొలం సబ్‌డివిజన్ ఎఫ్‌ఎంబీ కూడా తీసుకోండి. మన వైపు చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కింద ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వాటిలో చాలాచోట్ల సర్వే జరిగి ఈ పటాలు తయారయ్యాయి. అప్పటి నుంచి చేతులు మారిన భూముల్లో నేల మీద పంచుకున్నది పటం మీదకు ఎక్కకపోవడం మామూలే. మీ తాతల కాలంలో నోటిమాటగా పంపకం జరిగిందా అని అమ్మను ఒకసారి అడగండి. వరసకు పెదనాన్న అంటున్నారు కాబట్టి ఆ రెండు మళ్లూ ఒకప్పుడు ఒకటే అయి ఉండవచ్చు. అలాగైతే గొడవ గట్టుది కాదు, ఆనాటి వాటాలది అవుతుంది.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. మీ ఊళ్లో రీసర్వే జరిగిందా? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో, రోవర్లనే ఉపగ్రహ కొలత పరికరాలతో కొలిచిన ఊళ్లకు పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ఒక్కో భూభాగానికి ఇచ్చే పటం) నంబర్లు వచ్చాయి. ఆ రోజు మీ పొలంలో మీవాళ్లెవరు నిలబడ్డారు? వలస వెళ్లిన కుటుంబాలకు పెద్ద దెబ్బ ఇక్కడే తగిలింది. యజమాని లేనిచోట పక్కవాడు చూపించిన గట్టే హద్దుగా పటంలోకి ఎక్కిపోయిన సందర్భాలున్నాయి, ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే ఉమ్మడి ఎల్‌పీఎం నంబరు ఇచ్చినవీ ఉన్నాయి. 2024 చివర్లో జరిగిన రెవెన్యూ సదస్సుల్లో ఇలాంటి ఫిర్యాదులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. మీ ఊళ్లో రీసర్వే జరిగి ఉంటే ఎల్‌పీఎం పటంలో మీ విస్తీర్ణం ఎంత చూపించారో ముందు చూడండి. సర్వే పూర్తయినట్లు ప్రకటన వెలువడిన తేదీ కూడా కనుక్కోండి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం ఆ హద్దును కాదనాలంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఆ గడువు దాటనివ్వకండి.

కాగితాలు చేతికొచ్చాక హద్దులు చూపించమని ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టండి. మీసేవలో గానీ సచివాలయంలో గానీ రుసుము కట్టి ఇవ్వవచ్చు. సర్వేయరు మీ పెదనాన్నకూ, చుట్టూ ఉన్న మిగతా రైతులకూ నోటీసులిచ్చి, ఒక తేదీ పెట్టి కొలుస్తారు. కొలిచేటప్పుడు ఒక్కటి గట్టిగా అడగండి: తూర్పు గట్టు ఒక్కటే టేపు పెట్టి కొలవొద్దని, సర్వే నంబరులో దొరికిన పాత రాళ్ల నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులా కొలవాలని. కదిలిపోయిన గట్టు దగ్గర మొదలుపెడితే ఆ తప్పే చుట్టూ తిరిగి పటంలోకి వస్తుంది. కొలత నచ్చకపోతే పై స్థాయి సర్వే అధికారితో మళ్లీ కొలిపించమని అడిగే వీలు మీకూ ఉంది, ఆయనకూ ఉంది. అర్జీ పెట్టి నెలలు గడుస్తున్నా ఎవరూ రాకపోతే రసీదు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. మీ మండలం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది కాబట్టి ఇప్పుడు విజయనగరం వెళ్లాలి.

ఎప్పుడు పెట్టాలంటే, సంక్రాంతికి ఎలాగూ వస్తున్నారు కదా, అప్పుడే. వరి కోసేశాక పెసర, మినుము కూడా చేతికొచ్చి, ఎండలకు మళ్లు ఖాళీ అయ్యే రోజుల్లో కొలత సజావుగా సాగుతుంది. పైరు ఉండగా కొలిపిస్తే తొక్కారని మరో గొడవ మొదలవుతుంది. తొలకరి దుక్కులకు ముందే రాళ్లు పడాలి.

'మీ ఆయన ఉన్నప్పట్నుంచీ ఇక్కడే ఉంది' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. దాని వెనుక పన్నెండేళ్ల సంగతి ఉంది. పరాయి భూమిలో బాహాటంగా, యజమాని హక్కును కాదంటూ, ఎడతెగకుండా పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే యజమాని తిరిగి పొందే హక్కు కోల్పోవచ్చు. 1963 నాటి లిమిటేషన్ చట్టం అలా చెబుతోంది. అయితే ఏడాదికి ఒక చాలు చొప్పున తెలియకుండా కోసుకుంటూ వచ్చినవాడు దాన్ని రుజువు చేయడం తేలిక కాదు. ఆ భారం పూర్తిగా ఆయన మీదే ఉంటుంది. కానీ మీరు చూస్తూ ఊరుకున్న ప్రతి ఏడూ ఆయన వాదనకు బలం చేరుస్తుంది. 'పోతే పోనీరా' అని అమ్మ అనడంలో ఉన్న ప్రమాదం ఇదే. కొలతకు అర్జీ పెట్టడం, అభ్యంతరం రాతలో తెలపడం లాంటివి మీరు ఊరుకోలేదని చూపిస్తాయి. అంతమాత్రాన పన్నెండేళ్ల లెక్క ఆగిపోదు. ఆగాలంటే దావా అయినా పడాలి, హద్దు ఇదేనని ఆయన రాతలో అయినా ఒప్పుకోవాలి.

పోలీసులు సివిల్ గొడవ అన్నది సగం నిజం. హద్దు ఎక్కడో తేల్చే అధికారం వాళ్లకు లేదు. హద్దు తేలనంతవరకూ 'నా భూమే అనుకుని వెళ్లాను' అనే మనిషి మీద అక్రమ ప్రవేశం కేసు నిలబడడం కష్టం. కానీ బెదిరించినా, చేయి చేసుకున్నా, కావాలని పంట నాశనం చేసినా అది నేరమే, ఫిర్యాదు తీసుకోవాలి. సర్వేయరు రాయి పాతి వెళ్లాక దాన్ని పీకినా జరిపినా ఏడాది వరకు జైలు పడే నేరం. అందుకే కొలతకు ముందు పోలీసుల దగ్గరికి పదేపదే తిరగడం కన్నా, కొలత తర్వాత ఒక్కసారి వెళ్లడం మేలు. మాటా మాటా పెరిగి రెండు పక్షాలనూ బైండోవర్ చేసే (గొడవ పడబోమని పూచీ రాయించుకునే) దాకా పోతే అమ్మ కూడా తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కాల్సి వస్తుంది.

నీలగిరి మొక్కల జోలికి ఇప్పుడు పోకండి. కొలతలో అవి మీ వైపు తేలితే ఆయననే తీసుకోమనండి, కలప ఆయనదేనని ఒప్పుకుంటే మీకు పోయేదేమీ లేదు. ఆయన వైపే తేలితే, మీ గట్టు లోపల మీ నేలలోనే లోతుగా కందకం తీయిస్తే వేళ్లు మీ మడిలోకి రావడం చాలావరకు తగ్గుతుంది. గొర్రెల సంగతికి వస్తే, బందెలదొడ్డికి తోలించే రోజులు చాలా ఊళ్లలో పోయాయి. మేసిన రోజే ఫోన్‌తో ఫొటో తీసి, ఊరి పెద్దల ముందు పెట్టి, ఎంత పంట పోయిందో అంత అడిగించండి.

ట్రాక్టరు దారి గురించి మాత్రం జాగ్రత్తగా ఆలోచించమంటాను. ఆయనకు వేరే దారి లేదని మీ ఉత్తరాన్ని బట్టి తోస్తోంది. ఇరవై ఏళ్లు ఎవరినీ అడక్కుండా, అడ్డులేకుండా, హక్కుగా నడిస్తే దారి హక్కు పుడుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. మీ అనుమతితో నడిస్తే అలా పుట్టదు. కాబట్టి దారి మూసేయకండి. 'కోతలయ్యాక, మా పైరు లేనప్పుడు, మా అనుమతితో వెళ్లవచ్చు' అని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆయనకు మీ నుంచి దారి కావాలి, మీకు ఆయన నుంచి గట్టు కావాలి. రాజీకి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. చాలా గొడవల్లో ఒకరికి కావలసింది ఇంకొకరి దగ్గర ఉండదు, మీ దగ్గర ఉంది.

సంక్రాంతికి వచ్చాక మీరే వాళ్లింటికి వెళ్లండి, అమ్మను పంపకండి. 'పెదనాన్నా, గట్టు విషయంలో మీ మాట కాదనను, మా మాట నిజమనీ అనను. ఇద్దరి పొలాలూ కొలిపిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను, రాయి ఎక్కడ పడితే అక్కడ ఇద్దరం ఒప్పుకుందాం' అనండి. ఎదురుగా వచ్చి మర్యాదగా అడిగితే వంద మందిలో ఎక్కువ మంది కాదనరు. అనుమానం ఉన్నవాళ్లే కొలత వద్దంటారు, ఆ సంగతి ఊరు కూడా చూస్తుంది.

కాదంటే మాత్రం కోర్టుకు వెనకాడకండి. అయితే ఆయన మీ హక్కునే కాదంటుంటే 'నా పొలంలోకి రాకుండా ఆపండి' అని ఇంజంక్షన్ ఒక్కటే అడిగితే సరిపోదు. 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. హక్కు ప్రకటన, పోయిన చెక్క స్వాధీనం, ఇంజంక్షన్ మూడూ కలిపి అడగాలి. సర్వేయరు సాయంతో కొలవడానికి కోర్టు తరఫున వెళ్లే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని కూడా అడగవచ్చు. దావా దాకా పోకుండానే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకునే దారి ఉంది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది కాబట్టి అమ్మ పేరుతో అడగండి. 15100కు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు.

అమ్మ మాటను పిరికితనమని అనుకోకండి. ఊళ్లో రోజూ బతకాల్సింది ఆవిడ. ఏ రాత్రైనా ఆటో పిలవాల్సి వస్తే పలికేది పక్కింటివాళ్లే. ఆవిడ ఇష్టం లేకుండా, ఆవిడకు తెలియకుండా ఏ అర్జీ మీదా వేలిముద్ర వేయించకండి. కొలతకు ఎందుకు వెళ్తున్నారో, కొట్లాటకు ఎందుకు వెళ్లడం లేదో కూర్చోబెట్టి చెప్పండి. తల్లి భయం తగ్గించడం కూడా ఈ పనిలో భాగమే.

సర్వే తేదీ తెలియగానే సెలవు పెట్టుకుని రండి, ఫోన్‌లో నడిపించకండి. అప్పను కూడా రమ్మనండి. రాళ్లు సిద్ధంగా పెట్టుకోండి, నాగలికి తగలనంత లోతుగా పాతించండి. ప్రతి రాయినీ చుట్టూ ఉన్న గుర్తులు కనిపించేలా ఫొటో తీయండి, లొకేషన్ కూడా నమోదు చేసుకోండి. సర్వేయరు రాసే పంచనామాలో కొలతలు అంకెల్లో ఉన్నాయో లేదో చదివి, మీరూ పెదనాన్నా సంతకాలు పెట్టాక నకలు తీసుకోండి. కొత్త గట్టు మధ్యగీత రాళ్ల వరసలోనే ఉండాలి, మందం రెండు వైపులా సగం సగం. దాన్ని ఆ రోజే ఇద్దరి కూలీలతోనూ కలిసి వేయించండి.